మీకు తెలుసా? లారీ సీటులో ఒక సైకిల్ బ్రేకు తీగ ఉంటుంది

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ దారి పట్టి అల్వాల్, హకీంపేట దాటితే తూంకుంట. దేవరయాంజాల్ గోదాములకు మళ్లే లారీలు, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కబోయేవి, రామగుండం వైపు నుంచి దిగివచ్చేవి... ఈ రాజీవ్ రహదారికి పగలూ రాత్రీ తీరిక ఉండదు. ఆ మధ్య ఒక సాయంత్రం అక్కడ సీట్లు కుట్టే షెడ్డు ముందు ఆగాను. నేలమీద గోనెసంచి పరిచి, లారీ డ్రైవరు సీటు వీపుభాగాన్ని బోర్లా పడుకోబెట్టారు. ఆ సీట్లో కూర్చునే అన్న రెండు చేతులూ నడుం మీద వేసుకొని పక్కన నిలబడ్డాడు.

"సీటే మార్చాలంటున్రు. నడుం కాడ ఎత్తు లేస్తలేదు. ఈ చక్రం ఉత్తగనే తిరుగుతుంది" అన్నాడు, సీటు పక్కనుండే నల్లటి నాబ్‌ను గిరగిరా తిప్పి చూపిస్తూ.

మేస్త్రీ వెనక రెక్సిన్ ఊడదీసి, లోపల వేలు పెట్టి, ఒక తీగ కొసను పైకి లాగాడు. చీపురు కొసలా పోగులు పోగులుగా విడిపోయి ఉంది. "సీటు మార్చుడెందుకే? గిది తెగింది, గంతే" అన్నాడు.

ఆ తీగను బౌడెన్ కేబుల్ అంటారు. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అనే ఆయన 1896లో ఇంగ్లండులో దీనికి పేటెంటు పొందాడు. రాలీ సైకిళ్ల ఫ్రాంక్ బౌడెన్ వేరే మనిషి. ఇంటిపేరు ఒకటే కావడంతో ఈ తీగను ఫ్రాంక్ ఖాతాలో వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కదలని గొట్టం, దానిలోపల కదిలే తీగ. కిటుకంతా అదే. సైకిల్ బ్రేకులో ఉన్నదీ, స్కూటర్ క్లచ్‌లో ఉన్నదీ, చాలా లారీ సీట్ల వీపులో నక్కి ఉన్నదీ ఆ తీగే. నాబ్ తిప్పితే తీగ బిగుస్తుంది. నారి లాగితే విల్లు వంగినట్టు, సీటులోని ఉక్కు పట్టీయో ప్లాస్టిక్ బుట్టో ముందుకు ఉబ్బి మన నడుం పల్లంలోకి వచ్చి కూర్చుంటుంది. దాన్నే లంబార్ సపోర్ట్ అంటున్నారు. తూంకుంటలో అది నడుం సపోర్టు.

ఈ తీగ మధ్యలో తెగడం తక్కువ. కొసన గుండులాంటి నిప్పుల్ ఉంటుంది చూడండి, తీగ వంగి లేచేది ఆ మెడ దగ్గరే కాబట్టి ఎక్కువగా అక్కడే పోగులు విడిపోతాయి. అదే మందం ఉన్న తీగ సైకిల్ షాపులోనో, రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లోనో దొరికితే, కొసకు స్క్రూతో బిగించే నిప్పుల్ వేసి పని కానివ్వచ్చు. ఒక్కటే జాగ్రత్త: నాబ్‌ను పూర్తిగా వదులు చేశాకే కొత్త తీగ తగిలించాలి. సగం బిగువు మీద తగిలిస్తే ఎత్తు ఎప్పటికీ పూర్తిగా తగ్గదు, పైగా కొత్త తీగా తొందరగా తెగుతుంది.

విప్పకముందే జబ్బు ఎక్కడుందో చెయ్యి చెప్పేస్తుంది. నాబ్ ఏ బరువూ లేకుండా తిరిగితే తీగ తెగినట్టు, లేదా నాబ్ లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగినట్టు. బిగువుగానే తిరుగుతూ ఎత్తు మాత్రం రాకపోతే తీగ బాగానే ఉంది, పట్టీయే కొక్కెం నుంచి జారింది. ఈ రెండో రకానికి ఖర్చేమీ ఉండదు. వెనక రెక్సిన్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీని ఊడదీసి, కొక్కెం మళ్లీ తగిలిస్తే సరి.

ఇంతకీ ఆ ఎత్తు అక్కడ ఎందుకు?

తెలుగులో నడుము, నడుమ, నడిరేయి, నడివయసు అన్నీ ఒక్క చెట్టు కొమ్మలే. 'నడు' అంటే మధ్య. ఒంటికి మధ్యన ఉన్న ఆ చోట వెన్నుపూసలు అయిదు. నిలబడినప్పుడు అవి కాస్త లోపలికి వంగి ఉంటాయి. కూర్చోగానే కటి వెనక్కి తిరుగుతుంది, ఆ వంపు చదునవుతుంది, పూసల మధ్యనున్న మెత్తటి డిస్కుల ముందు అంచు నలుగుతుంది. స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ ఓకర్‌బ్లూమ్ 1948లోనే కూర్చోవడం మీద ఒక సిద్ధాంత గ్రంథం రాసి, కుర్చీ వీపు ఆనవలసింది భుజాలకు కాదు, నడుముకు అన్నాడు. 1960ల్లో ఆ దేశానికే చెందిన ఆల్ఫ్ నాకెమ్సన్ బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది దింపి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పుడు 100 అనుకుంటే, వీపు ఆనకుండా కూర్చున్నప్పుడు 140, కూర్చుని ముందుకు వంగితే 185. ఆ సూది గుచ్చుకున్న పుణ్యాత్ములెవరో గానీ, కుర్చీలు చేసేవాళ్లంతా వాళ్లకు బాకీ.

ఆ కొలతలను మనకు పనికొచ్చే చోటికి తెచ్చింది గున్నార్ ఆండర్సన్ బృందం. 1974లో వాళ్లు ఏకంగా కారు డ్రైవరు సీటునే పట్టుకొని పరీక్షించారు. వీపు వెనక్కి వాల్చినకొద్దీ, నడుం దగ్గర ఎత్తు పెంచినకొద్దీ డిస్కు మీద ఒత్తిడి తగ్గింది. క్లచ్ తొక్కినప్పుడు పెరిగింది. అల్వాల్ ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు పెట్టి గంటసేపు జరిగిన ఏ డ్రైవరన్నా ఈ రెండో ముక్క సూది లేకుండానే చెప్పగలడు.

కథ అక్కడితో ఆగలేదు. 1999లో జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక మనిషి డిస్కులో సెన్సర్ ఉంచి ఒక రోజంతా కొలిచారు. నిలబడితే 0.5 మెగాపాస్కల్, ఆనుకోకుండా కూర్చుంటే 0.46. అంటే కూర్చోవడం నిలబడటం కంటే ఘోరమన్న పాత మాట నిలవలేదు. కానీ వీపు వంచి 20 కిలోల బరువు ఎత్తినప్పుడు ఆ అంకె 2.3కి ఎగిరింది. ఒక్క మనిషి మీద తీసిన లెక్కే అయినా లారీ మనుషులు చెవిన పెట్టాల్సిన లెక్క. పట్టా కట్టడం, తాళ్లు లాగడం, స్టెప్నీ దించడం... ఎత్తుడు పనులన్నీ బండి ఆగగానే మొదలవుతాయి కదా.

ఇంకో చిన్న సంగతి. రాత్రి పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. పొద్దున లేచేసరికి మనం సెంటీమీటరుకు పైగా పొడవు పెరిగి ఉంటాం. సాయంత్రానికి మళ్లీ మామూలే. నిద్రలేవగానే వంగి బరువులెత్తొద్దని వైద్యులు చెప్పేది అందుకే.

లారీ విషయంలో కూర్చోవడం ఒకటే కాదు, ఊగడమూ ఉంది. కూర్చున్న మనిషి ఒళ్లు సెకనుకు 4 నుంచి 6 సార్లు పైకీ కిందికీ ఊగే కుదుపుకు వంత పాడుతుంది. ఆ వేగంలో కింద పుట్టిన కుదుపు వెన్నులో ఇంకా పెద్దదవుతుంది. లారీ గుంతల్లో పోతున్నప్పుడు పుట్టే కుదుపుల్లో ఈ వేగానివే బోలెడు. గాలి సీట్లు వచ్చింది ఇందుకే. అవి సెకనుకు ఒకటి రెండు సార్లే ఊగే తత్వం గలవి, అందుకే ఆ వేగపు కుదుపును చాలావరకు తగ్గించి పైకి పంపుతాయి. కాబట్టి సీటు కింది గాలి బుడ్డ, షాకబ్జర్ చచ్చిపోయి ఉంటే నడుం సపోర్టు ఎంత బాగుచేయించినా ప్రయోజనం సగమే. షాకబ్జర్ మీద నూనె తడి కనిపిస్తే ముందు దాని సంగతి చూడండి.

గాలి సీట్లలో నడుం సపోర్టు కూడా చాలావరకు గాలిదే. స్పాంజి వెనక అరచేయంత ప్లాస్టిక్ సంచి, దానికి సన్నటి గొట్టం, పక్కన స్విచ్. మీకు తెలుసా, ఆ గాలి వచ్చేది బ్రేకుల ట్యాంకుల వ్యవస్థ నుంచే! మరి సీటులో లీకైతే బ్రేకులు పోతాయా అని భయం వేస్తుంది. అలా పోకుండా మధ్యలో ప్రొటెక్షన్ వాల్వ్ కాపలా ఉంటుంది. సీటు, హారను లాంటి వాటి వైపు గాలి కారిపోతుంటే అది ఆ దారి మూసేసి బ్రేకుల వంతు గాలిని నిలబెడుతుంది. అలాగని వదిలేయకూడదు. కంప్రెసర్ ఊరికే అరుగుతుంది.

లీకు పట్టడానికి షాంపూ నీళ్లు చాలు. బ్రష్‌తో కనెక్షన్ల దగ్గర పూస్తే బుడగలు లేస్తాయి. స్విచ్ నొక్కినప్పుడు మాత్రమే సుయ్‌మంటే స్విచ్ నుంచి సంచి దాకా ఉన్న గొట్టం చూడండి. రాత్రి ఉబ్బించి పడుకుంటే తెల్లారేసరికి చదునైపోయిందంటే సంచిలోనో, దాని మెడ దగ్గరో సన్న కారుడు. చాలాసార్లు గొట్టం కొస కనెక్టర్‌లో కూర్చున్న చోటే అరిగి ఉంటుంది. ఆ కొసను బ్లేడుతో ఒక సెంటీమీటరు నిటారుగా కోసి మళ్లీ నొక్కితే అయిపోయింది. కటింగ్ ప్లేయరుతో కోస్తే గొట్టం నలిగి కోలగా అవుతుంది, మళ్లీ లీకే.

సంచికే చిల్లు పడితే మాత్రం మన పంక్చర్ విద్య పారదు. సైకిల్ ట్యూబుకు రాసే సొల్యూషన్ రబ్బరును పట్టుకుంటుంది. ఈ సంచులు ఎక్కువగా పాలీయురెథేన్ ప్లాస్టిక్‌వి. ప్యాచీ రెండు రోజులుండి ఊడుతుంది. ఫెవిక్విక్ పోస్తే ఇంకా అన్యాయం, ఎండి గాజులా గట్టిపడి మొదటి గుంతకే పగులుతుంది. సంచి విడిగా దొరుకుతుంది, అదొక్కటే మార్చుకోండి. విప్పేముందు సీటులో గాలి మొత్తం దించేయడం మరవకండి. కింద కత్తెరలా మడుచుకునే ఇనుప కాళ్లుంటాయి. వాటి మధ్య వేలు పడితే నడుం నొప్పి చిన్నదైపోతుంది.

అసలు తీగా లేదు, సంచీ లేదు అనే బండ్లు మన దగ్గర ఇంకా ఎన్నో. దీనికీ ఒక చరిత్ర ఉంది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా, బెంజ్ కలిసి లారీలు మొదలుపెట్టిన నాటి నుంచి దశాబ్దాలపాటు మన లారీలు ఎక్కువగా ఇంజనూ, ఛాసిస్సూ, ముందు మూతీ మాత్రమే ఉన్న బండ్లుగా అమ్ముడయ్యాయి. క్యాబిన్ కట్టేది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాడీ బిల్డర్లు. తలుపు మీద నెమళ్లూ, నెత్తిన దేవుడి పేరూ మహా శ్రద్ధగా వేసేవాళ్లు. సీటు మాత్రం చెక్క మీద స్పాంజి, పైన రెక్సిన్. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. చల్లగాలి తగులుతున్నా నడుం వెనక పల్లం పల్లమే.

ఇలాంటి సీట్లకు వచ్చేది కుక్కి మంచం జబ్బే. స్పాంజి వెనక వైరు జాలీయో, నవారు పట్టీలో ఉంటాయి. అవి సాగితే మనిషి లోపలికి జారతాడు. ఇంట్లో కుక్కి మంచం మీద పరుపు వేస్తే బాగవుతుందా? నవారు బిగించాలి. సీటూ అంతే. వెనక పట్టీలు బిగించకుండా ముందు స్పాంజి మీద స్పాంజి అంటిస్తే నెల తిరక్కుండా మళ్లీ గొయ్యి. బిగించాక నడుం చోట గట్టి రీబాండెడ్ ఫోమ్ ముక్క పెట్టించుకోండి. ముక్కలు నూరి అచ్చుపోసిన రంగురంగుల ఫోమ్ ఉంటుందే, అది. మెత్తటి తెల్ల స్పాంజి చేతికి హాయిగా ఉంటుంది గానీ బరువు కింద చదునైపోతుంది. చాలా క్యాబిన్లలో కనిపించే పూసల సీటు కవరు మంచిదే, వీపుకు గాలి ఆడుతుంది. అంతవరకే. అది నడుముకు ఆసరా కాదు.

అందరూ తప్పేది చోటు దగ్గర. బెల్టు పెట్టుకునే చోటికి కొంచెం పైన, రెండు మూడు వేళ్ల మందం. ఇంకా పైకి పెడితే వీపును ముందుకు తోస్తుంది, స్టీరింగు మీదికి వంగిపోతారు. మందం ఎక్కువైతే పిరుదులు ముందుకు జారి అసలు ఆనుకోవడమే పోతుంది. పిరుదులు సీటు మూలకు ఆనించి కూర్చుని, నడుం వెనక అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా అటూ ఇటూ ఆడితే ఆసరా లేనట్టు. బిగువుగా దూరితే సరిపోయినట్టు. అంతదాకా చుట్టచుట్టిన తువ్వాలే చాలామంది డ్రైవర్ల లంబార్ సపోర్టు, నేను దాన్ని తక్కువ చేయను.

సీటు ఎంత బాగున్నా ఒకే భంగిమలో కూర్చోవడం నడుముకు గిట్టదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే ఒక మాట రాసింది: వరసగా 5 గంటలకు మించి పని వద్దు, ఆ తర్వాత కనీసం అరగంట విరామం. ఆ అరగంటలో నాలుగు అడుగులు వేయండి. దిగేటప్పుడు దూకకుండా, క్యాబిన్ వైపు ముఖం పెట్టి మెట్టుమెట్టుగా దిగండి. కాలు తిమ్మిరెక్కుతున్నా, నొప్పి కాలిలోకి పాకుతున్నా సీటు మేస్త్రీని కాదు, డాక్టరును చూడాలి.

తూంకుంట షెడ్డులో ఆ అన్న సీటు గంటలో తయారైంది. తీగ వేశాక మేస్త్రీ రెక్సిన్ కుట్టలేదు. అలాగే బండిలో పెట్టించి, "కూసొని చూడు, ఎత్తు సరిపోయిందా?" అని అడిగాడు. మీరూ కుట్టు పడకముందే ఒకసారి కూర్చుని, నాబ్ పూర్తిగా తిప్పి చూసుకోండి. కుట్టేశాక విప్పితే కుట్టుకూలి రెండోసారి పడుతుంది.