వడగాలే చల్లార్చాలి: పాత లారీకి ఏసీ

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల్లో, మొత్తం బరువు 3.5 టన్నులు దాటే ప్రతిదానికీ ఏసీ క్యాబిన్ ఉండాల్సిందే. కేంద్రం ఈ నిబంధనను 2023 డిసెంబరులోనే నోటిఫై చేసింది. భూపాలపల్లి బొగ్గు లారీల డ్రైవర్లకూ, మహబూబాబాద్ పల్లెల నుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలేవాళ్లకూ మంచి కబురే. మరి ఏనాటిదో టాటా ఛాసిస్ మీద కర్రా రేకులతో ముచ్చటపడి కట్టించుకున్న క్యాబిన్ సంగతేమిటి? దానికి ఏసీ ఎక్కుతుందా?

ఎక్కుతుంది. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఇవాపరేటర్: ముఖ్యమైనవి ఈ నాలుగే. అందరి చూపూ డ్యాష్‌బోర్డు దగ్గర చల్లగాలి ఊదే పెట్టె మీదే ఉంటుంది కానీ, బండి గెలుపోటములు తేల్చేది రేడియేటర్ ముందు దుమ్ము తింటూ నిలబడే కండెన్సర్.

ఎందుకో చూద్దాం. మే నెల మధ్యాహ్నం, జనగామ రోడ్డు మీద 44 డిగ్రీల ఎండ. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. అలాంటప్పుడు 28 డిగ్రీల క్యాబిన్‌లోని వేడిని 44 డిగ్రీల గాలిలోకి తోసెయ్యడం ఎలా? కుక్కర్‌లో నీళ్లు 100 డిగ్రీలు దాటాక గానీ మరగవు, పీడనం అలాంటిది. ఏసీ గ్యాసు ఆర్-134ఏ కూడా అంతే, పీడనాన్ని బట్టి అది మరిగే ఉష్ణోగ్రత మారుతుంది. మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. ఇవాపరేటర్‌లో 3 బార్ల పీడనం దగ్గర సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరుగుతూ క్యాబిన్ వేడిని పీల్చేస్తుంది. ఆ ఆవిరినే కంప్రెసర్ 19 బార్ల దాకా నొక్కిందంటే, కండెన్సర్‌లో 65 డిగ్రీల దగ్గరే అది మళ్లీ ద్రవమవుతుంది. 65 ముందు 44 ఎంత? వడగాలే దాన్ని చల్లారుస్తుంది! ఇంత సొగసైన దొంగదెబ్బ భౌతికశాస్త్రంలో అరుదు.

మొదట్లో దీన్ని బండికెక్కించినవాళ్లు తడబడ్డారు. 1940 నాటి అమెరికా ప్యాకార్డ్ కార్లలో కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. ఇవాపరేటర్ సగం డిక్కీని మింగేసేది. మన దగ్గర తప్పు వేరు: చల్లదనం తగ్గితే చాలు, "గ్యాస్ అయిపోయింది" అంటారు. గ్యాసేమన్నా డీజిలా, తాగితే అయిపోవడానికి! తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా అదనంగా నింపితే పీడనం పెరిగి చల్లదనం ఇంకా పడిపోతుంది.

అసలు చిక్కు బండి ఆగినప్పుడు మొదలవుతుంది. బొగ్గు గని కాంటా దగ్గర లారీ వరుసలో నిలిచిందనుకోండి. ఎదురుగాలి లేదు. ఇంజన్ నెమ్మదించింది కాబట్టి రేడియేటర్ ఫ్యాన్, కంప్రెసర్ రెండూ నెమ్మదిస్తాయి. కండెన్సర్ రెక్కల మధ్య బొగ్గుపొడి బిగుసుకుపోయి ఉంటుంది. వేడి బయటికి పోయే దారి లేక పీడనం ఎగబాకుతుంది, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను కట్ చేస్తుంది. డ్రైవర్‌కు ఏసీ బాగా కావాల్సిన నిమిషంలోనే అది చేతులెత్తేస్తుంది. పైగా కండెన్సర్ వదిలిన వేడి గాలి వెనకున్న రేడియేటర్‌కు తగిలి ఇంజన్‌నూ కాలుస్తుంది.

దీనికి మందు ఉంది: కండెన్సర్‌కు సొంత ఎలక్ట్రిక్ ఫ్యాన్. లేదా కండెన్సర్‌ను ఫ్యాన్‌తో సహా క్యాబిన్ కప్పు మీదికి ఎక్కించడం. ఆ తర్వాతి పనంతా క్యాబిన్ బిగించేవాళ్లది. తలుపుల సందులు మూయాలి, ఇంజన్ మీది మూతకు వేడి ఆపే మందపాటి పొర వేయాలి. ఈ పొర లేకపోతే ఏసీ ఇంజన్ వేడితో కుస్తీ పడుతూనే ఉంటుంది. డీజిల్ కాస్త ఎక్కువ తాగుతుందని యజమానులు గొణగడం మామూలే, కంప్రెసర్ ఇంజన్ మీదే కదా బతికేది.

కొత్త నిబంధన పాత బండ్ల జోలికి రాదు, ఖర్చు యజమానిదే. అందుకే ఏసీ బిగించమని డబ్బు చేతిలో పెట్టేముందు మెకానిక్‌ను కండెన్సర్‌కు సొంత ఫ్యాన్ ఉందా అని అడగండి. బొగ్గు దారిలో తిరిగే బండయితే కండెన్సర్ రెక్కలను తరచూ నీళ్లతో మెల్లగా కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్నుతో దగ్గర నుంచి కొడితే ఆ పల్చటి రెక్కలు వంగి, ఉన్న గాలిదారి కూడా మూసుకుపోతుంది.