మద్రాసు వైపు తిరిగిన యాగీ

ఎనభైల్లో తిరుపతి మిద్దెల మీద యాంటెన్నాలన్నీ ఆగ్నేయానికి తిరిగి ఉండేవి. వాస్తు కాదు, అటువైపు మద్రాసు ఉంది. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైతే, హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. కానీ హైదరాబాద్ మనకు తిన్నగా గీత గీసినా 400 కిలోమీటర్ల పైమాటే. మద్రాసు తిరుపతికి దాదాపు 110, పుత్తూరుకు 90, నగరికి 80, సత్యవేడుకు 50. 1960లో తిరుత్తణిని అటు, సత్యవేడును ఇటు మార్చి ప్రభుత్వాలు పక్కాగా గీసుకున్న సరిహద్దును టీవీ పదిహేనేళ్లు తిరిగాక చెరిపేసింది. తెలుగు ఇళ్లలో పిల్లలు శుక్రవారం సాయంత్రం 'ఒళియుం ఒలియుం'లో అరవ సినిమా పాటలు చూస్తూ అరవం నేర్చుకున్నారు. హైదరాబాద్ వాళ్లకు తెలుగు పాటల చిత్రలహరి ఎంతో, ఈ వైపు వాళ్లకు అది అంత.

ఆ ముచ్చట్లలో అందరూ టీవీ పెట్టె పేరు చెబుతారు. డయనోరా అని ఒకరు, సాలిడేర్ అని ఇంకొకరు. నన్నడిగితే ఆ పేరు దక్కాల్సింది మిద్దె మీది అల్యూమినియం గొట్టాలకు. ఇంత దూరానికి ఆ పెట్టె ఒట్టి పెట్టెగా మిగలకుండా కాపాడింది అవే.

దాని పూర్తి పేరు యాగీ-ఉదా యాంటెన్నా. పుట్టిల్లు జపాన్‌లోని సెండాయ్ నగరం, తోహోకు విశ్వవిద్యాలయం. 1926లో షిన్‌తారో ఉదా దీన్ని రూపొందించాడు. ప్రయోగాల కష్టం చాలావరకు ఆయనదే. 1928లో ఇంగ్లీషులో వ్యాసం రాసి ప్రపంచానికి చెప్పింది మాత్రం ఆయన ప్రొఫెసర్ హిదెత్సుగు యాగీ. ఊళ్లో మెకానిక్కు దాకా చేరింది యాగీ పేరే, పాపం ఉదా ఎక్కడో జారిపోయాడు. సొంత దేశపు సైన్యం కూడా దీన్ని పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌ను పట్టుకున్నప్పుడు బ్రిటిష్ రాడార్ కాగితాల్లో 'యాగీ' అన్న మాట కనిపిస్తే, ఇదేమిటని జపాన్ వాళ్లు ఒక ఖైదీని అడిగారట. మీ ప్రొఫెసరు పేరే కదా అన్నాడట అతను.

ఇంతకూ అందులో ఏముంది? ఒక అడ్డ కడ్డీ, దాని మీద వరసగా గొట్టాలు. వాటిలో వైరు తగిలించేది ఒక్క దానికే. రెండు కొసలూ మడిచి కలిపిన ఆ గొట్టమే డైపోల్. దాని పొడవు తరంగం పొడవులో సగం ఉండాలి. టీవీ మొదటి బ్యాండు 47 నుంచి 68 మెగాహెర్ట్జ్. 60 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 5 మీటర్లు కాబట్టి డైపోల్ రెండున్నర మీటర్లకు రవ్వంత తక్కువ. ఆ కాలపు యాంటెన్నాలు మంచమంత వెడల్పు ఎందుకుండేవో ఇప్పుడు తెలిసింది కదా. డైపోల్ వెనక కాస్త పొడుగు గొట్టం రిఫ్లెక్టర్, ముందు కాస్త పొట్టివి డైరెక్టర్లు. వీటికి వైరే ఉండదు. తరంగం తగలగానే వాటిలోనూ కరెంటు పుట్టి, అవి తిరిగి తరంగాన్ని వెదజల్లుతాయి. పొడవుల తేడా వల్ల, మధ్య దూరాల వల్ల ముందు నుంచి వచ్చేవన్నీ డైపోల్ దగ్గర ఒకదానికొకటి కలిసి బలపడతాయి, వెనక నుంచి వచ్చేవి రద్దవుతాయి. అందుకే దిక్కు తప్పితే బొమ్మ పోయేది.

"వచ్చిందా?"
"వస్తా ఉందన్నా... పోయె! రవ్వంత ఇటు తిప్పు."
"ఇప్పుడు?"
"అట్నే ఉండు, కదలద్దు!"

పైన పైపు పట్టుకున్నాయన అట్లాగే నిలబడితే కింద వాళ్లు పాట చూసేవాళ్లు. తీరా బిగించాక కోతులొచ్చి ఊగేవి. తిరుపతిలో యాంటెన్నాకు గాలివాన కన్నా కోతుల భయమే ఎక్కువ.

ఎంత తిప్పినా భూమి గుండ్రంగా ఉందన్న సంగతి మారదు. ఈ తరంగాలు దాదాపు తిన్నగానే పోతాయి. 150 మీటర్ల టవర్ నుంచి 20 మీటర్ల పైపు మీది యాంటెన్నాకు లెక్క కడితే దాదాపు 70 కిలోమీటర్లు. ఆ పైన అంచు దాటి కొద్దిగా వంగి వచ్చే బలహీన సంకేతమే దిక్కు. అందుకే పైపు మీద పైపు, నాలుగు పక్కలా లాగిన తీగలు, సంకేతాన్ని పెంచే బూస్టర్. తెలిసిన మెకానిక్కు బూస్టర్‌ను పైనే, యాంటెన్నా పక్కనే బిగించేవాడు. వైరులో సంకేతం సన్నగిల్లిన తర్వాత కింద పెంచితే బొమ్మతో పాటు చుక్కలూ పెరుగుతాయి.

కొన్ని రాత్రులు మాత్రం ఎవరూ ఏమీ చేయకుండానే బొమ్మ అద్దంలా వచ్చేది. కింద చల్లని తేమ గాలి, పైన వెచ్చని పొడిగాలి పొరలుగా నిలిచినప్పుడు తరంగం మామూలు కన్నా ఎక్కువ వంగి, భూమి వంపు వెంటే చాలా దూరం వస్తుంది. 'ఈరోజు మద్రాసు బాగా పడింది' అని బూస్టర్‌ను మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకోవాల్సింది గాలిని.

1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి పైకెళ్లింది. 1984లో దూరదర్శన్ నాలుగు నెలల పాటు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతా పెట్టుకుంటూ పోయింది. ఎక్కువగా 100 వాట్లవి. ఉపగ్రహం నుంచి డిష్‌తో అందుకుని ఊరికీ చుట్టుపక్కలకూ పంచడమే వాటి పని. బొమ్మ నిక్కచ్చిగా వచ్చింది. వచ్చింది మాత్రం ఢిల్లీ కార్యక్రమం, హిందీ వార్తలు. ఊళ్లో ట్రాన్స్‌మిటర్ ఉన్నా ఆ ఊరి ముక్క ఒక్కటీ చెప్పే వీలు దానికి లేదు. కష్టపడి పట్టుకున్న మద్రాసే ఇంతకన్నా దగ్గరి చుట్టమని చాలామంది అటు తిరిగిన యాంటెన్నాను తీయలేదు. వాళ్లే తెలివైన వాళ్లంటాను.

తొంభైల్లో కేబుల్ వచ్చి ఈ గొడవంతా తీర్చేసింది. 1995లో తెలుగు శాటిలైట్ చానళ్లు మొదలయ్యాయి. 2008 జులై 7న శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్‌తో తిరుపతే నలుదిక్కులకూ ప్రసారం చేసే ఊరైంది. కొన్ని కీలక ప్రాంతాల్లోవి తప్ప అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ 2022 మార్చికల్లా ఆపేస్తామని ప్రసార భారతి ప్రకటించింది. అప్పటికే మిద్దెల మీది అల్యూమినియం పాత సామాన్ల బండ్లెక్కి చాలాకాలమైంది.

అయితే యాగీ మన జిల్లా విడిచి పోలేదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో తొంభైల తొలినాళ్ల నుంచీ ఎంఎస్‌టీ రాడార్ పనిచేస్తోంది. 130 మీటర్ల చదరపు నేల మీద వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1024 చోట్ల జంట యాగీలు, ఒక్కొక్కటి మూడు గొట్టాలది. నడిచే ఫ్రీక్వెన్సీ 53 మెగాహెర్ట్జ్, అంటే టీవీ మొదటి బ్యాండులోదే. తేడా ఒక్కటే, ఇవి మద్రాసు వైపు కాక ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. గాలిలో ఉష్ణోగ్రత, తేమ మారే చోట, సుడులు రేగే చోట తరంగం అతి కొద్దిగా వెనక్కి చెదురుతుంది. దాన్ని అందుకుని పై గాలుల వేగం, దిక్కు లెక్కిస్తారు. ఒకప్పుడు మన ఇంటి బొమ్మను వంచి తెచ్చిన గాలి మార్పుల్లాంటివే ఇక్కడ పరిశోధన విషయం.

మీ మిద్దె మీద పాతది ఇంకా ఉంటే పాత సామానుకు వేయకండి. డైపోల్‌ను 1.4 మీటర్లకు కుదించి, రిఫ్లెక్టర్ దానికన్నా 5 శాతం పొడవు, డైరెక్టర్ 5 శాతం పొట్టి చేసి, మధ్య దూరాలూ అదే పాళ్లలో తగ్గించి ఒక ఎఫ్ఎమ్ రేడియోకు తగిలించండి. పిల్లల చేత ఆగ్నేయానికి తిప్పించండి. చెన్నై స్టేషన్లు ఏ రాత్రి బాగా పడుతున్నాయో వాళ్లనే రాసి పెట్టుకోమనండి.