తేలే గింజ, తెగని పుకారు
బడి వంట క్లబ్బుల్లో అపోహలు – వాస్తవాలు

సాయంత్రం బడి వదిలాక పిల్లలు గిన్నె చుట్టూ చేరి బియ్యం కడుగుతుంటారు. మొదటి కడుగులోనే నాలుగైదు గింజలు పైకి తేలతాయి. మిగతావాటికంటే అవి కాస్త పసుపుగా, నున్నగా ఉంటాయి. అంతే, ఎవరో ఒకరు అరుస్తారు: "టీచర్, ప్లాస్టిక్ బియ్యం!" గిన్నెలో చెయ్యి పెట్టిన పిల్ల చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. ఆ పూట వంట సాగినా సగం మంది తినరు. మర్నాటికి ఆ మాట ఇళ్లకు చేరుతుంది.

బడి అయ్యాక పిల్లలకు ఆరోగ్యకరమైన వంట నేర్పాలని క్లబ్బు మొదలుపెట్టి, రేషన్ బియ్యమో మధ్యాహ్న భోజనం బియ్యమో వాడిన టీచర్లకు ఇది తెలిసిన కథే. వంట క్లబ్బుల గురించి ప్రచారంలో ఉన్న అపోహలు చాలానే ఉన్నాయి. వాటిలో పిల్లల ఒంటికి నేరుగా చేటు చేస్తున్నది మాత్రం ఇదొక్కటే. పళ్లెంలో అన్నం వదిలేసే పిల్లలున్నారు. తేలిన గింజల్ని ఒక్కటి కూడా వదలకుండా ఏరి పారబోసే తల్లులున్నారు. బియ్యం సంచిని సందు చివర వ్యాపారికి వచ్చినకాడికి అమ్మేసి, ఎక్కువ డబ్బు పెట్టి వేరే బియ్యం కొనుక్కునే కుటుంబాలున్నాయి. అందరూ పిల్లల మేలు కోరే చేస్తున్నారు. పారబోస్తున్నది మాత్రం పిల్లల కోసం కలిపిన ఐరన్‌ని.

ఆ గింజ కూడా బియ్యమే. నూకల్ని పిండి చేసి, అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, నీళ్లతో ముద్ద చేస్తారు. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టే ఆ ముద్ద వేడి యంత్రంలోంచి దిగుతుంది. దాన్ని బియ్యపు గింజంత ముక్కలుగా కోసి ఆరబెడతారు. ఇలా తయారైన గింజల్ని మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున, అంటే కిలోకు 10 గ్రాములు కలుపుతారు. ఇదే ఫోర్టిఫైడ్ బియ్యం. ప్రభుత్వ పథకాల కింద ఇచ్చే బియ్యమంతా ఇలా బలవర్ధకం చేస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు. ఆ తర్వాత అంగన్‌వాడీలకు, బడులకు, రేషన్ షాపులకు దశలవారీగా ఇది చేరింది.

నూటికి ఒకటి అన్న లెక్కను తల్లిదండ్రులకు ఎవరూ సరిగా వివరించలేదు. అదనంగా కలిపిన పోషకాలన్నీ ఆ ఒక్క గింజలోనే ఉన్నాయి. అది ఏరేస్తే మిగిలిన తొంభైతొమ్మిదీ మామూలు బియ్యమే. చేటలో బియ్యం పోసుకుని గంటసేపు ఓపిగ్గా ఏరిన అమ్మ, తెలియకుండానే ఐరన్ మొత్తాన్ని బయటికి తీసేసింది.

ఆ ఐరన్ ఎంత? ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం ప్రకారం కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో 150 గ్రాముల బియ్యం వండాలన్నది నిబంధన. అంటే ఒక పూట అన్నంలో నాలుగు నుంచి ఆరు మిల్లీగ్రాముల ఐరన్ దొరుకుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. ఆ అవసరంలో ఏడో వంతు నుంచి ఐదో వంతు దాకా ఈ ఒక్క పూటే తీరుస్తుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. మెట్లెక్కితే ఆయాసం, చివరి పీరియడ్‌లో కళ్లు మూతపడటం, చదివింది బుర్రకెక్కకపోవడం ఆ అంకె వెనక ఉన్న కష్టాలు. ఇన్ని కష్టాల మధ్య ఐరన్ గింజని ఏరి పారేయడం చూస్తూ ఊరుకోవడం ఎలా?

ఫోన్లలో తిరిగే "రుజువులు" నాలుగే. నాలుగూ వంటింట్లోనే వీగిపోతాయి.

ఒకటి, గింజ తేలుతుందట. యంత్రంలో నొక్కినప్పుడు గింజలో సన్నటి గాలి ఖాళీలు మిగులుతాయి, అందుకే తేలుతుంది. బొరుగులూ తేలతాయి, పురుగు తొలిచిన గింజా తేలుతుంది. పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ మాత్రం నీళ్లలో మునుగుతుంది. తేలడం, మునగడం ప్లాస్టిక్‌కి పరీక్షే కాదు.

రెండు, అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతుందట. వేడన్నాన్ని గట్టిగా పిసికి ముద్ద చేస్తే పిండిపదార్థం జిగురుగా పట్టుకుంటుంది, మధ్యలో గాలి చిక్కుకుంటుంది. ఏ బియ్యంతో చేసినా కాస్తో కూస్తో ఎగురుతుంది. ఇంట్లో పండించుకున్న బియ్యంతో చేసి చూసినవాళ్లకు ఈ సంగతి వెంటనే తెలుస్తుంది.

మూడు, నిప్పుమీద పెడితే కాలి నల్లబడుతుందట. అన్నం మాడితే నల్లబడక ఏమవుతుంది? ప్లాస్టిక్ అయితే కరిగి, సాగి, చల్లారాక మళ్లీ గట్టిపడుతుంది. బియ్యం బొగ్గవుతుంది. ఈ పరీక్ష మాత్రం క్లబ్బులో పిల్లలతో చేయించకూడదు.

నాలుగోది జనాన్ని బాగా భయపెట్టింది. వార్చిన గంజి గిన్నె అంచున ఆరి, పాలిథీన్ కాగితంలాంటి పలచటి పొరగా ఊడి వస్తుంది. వీడియోలో ఆ పొరని వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూపిస్తారు. తెలుగువాళ్లు ఈ పొరని చూసి భయపడటం విచిత్రం. ఆత్రేయపురం పూతరేకు అదేగా! పలచటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డని వేడెక్కిన కుండ మీద ఒక్కసారి లాగితే క్షణంలో రేకు లేస్తుంది. అవతలి మనిషి కనిపించేంత పలచన. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలు చీరకి గంజి పెట్టి ఫెళఫెళలాడించిందీ, గాలిపటానికి మెతుకులతో కాగితం అతికించిందీ ఇదే పిండిపదార్థం. పెళ్లిలో పూతరేకుని కళ్లకద్దుకుని తిన్నవాళ్లు గిన్నె అంచున దాన్నే చూసి ప్లాస్టిక్ అనుకోవడానికి కారణం ఫోన్‌లో వచ్చిన ఒక గొంతు.

ఈ పుకారు కొత్తది కాదు, మన ఊరిదీ కాదు. 2016 డిసెంబరులో నైజీరియాలోని లాగోస్‌లో కస్టమ్స్ అధికారులు 102 బస్తాలు పట్టుకుని ప్లాస్టిక్ బియ్యమని ప్రకటించారు. ఆ దేశపు ఆహార నియంత్రణ సంస్థ పరీక్షిస్తే అవి బియ్యమేనని తేలింది. నిల్వ సరిగా లేక సూక్ష్మజీవులు చేరాయి, అంతే. 2017 జూన్‌లో హైదరాబాద్‌లోనూ ఇదే గోల రేగింది. పరీక్షకు పంపిన నమూనాలు బియ్యమేనని అధికారులు చెప్పారు. ధర సంగతి సరేసరి: కిలో ప్లాస్టిక్ గుళికల ఖరీదు కిలో బియ్యం ఖరీదుకన్నా ఎక్కువ. నష్టానికి కల్తీ చేసే వ్యాపారి ఎక్కడుంటాడు?

అయినా అనుమానపడ్డ తల్లుల్ని తప్పుపట్టడం న్యాయం కాదు. రాళ్లు, పురుగులు, ముక్కిన వాసన ఉన్న బియ్యం ఏళ్ల తరబడి చూసినవాళ్లు వాళ్లు. సంచిలో కొత్త రకం గింజలు కలిపి ఇస్తున్నప్పుడు అవి ఎలా ఉంటాయో, ఎందుకు తేలతాయో ముందే ప్రతి గడపకీ చెప్పి ఉండాల్సింది. చెప్పనిచోట వీడియో ఆ పని చేసింది. ఈ లోటు తీర్చడానికి వంట క్లబ్బుకన్నా మంచి చోటు లేదు. అక్కడ నీళ్లుంటాయి, గిన్నె ఉంటుంది, అడగడానికి మొహమాటపడని పిల్లలుంటారు.

చెయ్యాల్సింది చిన్న పనే. తేలిన గింజలు పది, మునిగినవి పది తీసి వేర్వేరు గ్లాసుల్లో నానబెట్టాలి. కాసేపటికి రెండూ మెత్తబడతాయి. వేళ్ల మధ్య నలిపితే రెండూ పిండవుతాయి. ప్లాస్టిక్ రాత్రంతా నానినా అలాగే ఉంటుంది. కావాలంటే పాత బకెట్ ముక్క ఒకటి మూడో గ్లాసులో వెయ్యండి. ఆపైన నలిపిన పిండి మీద ఒక్కో చుక్క అయోడిన్ ద్రావణం వేస్తే రెండూ ముదురు నీలంగా మారతాయి. ఆరో తరగతి సైన్సు పాఠంలో ఉన్న పిండిపదార్థం పరీక్షే ఇది. పాఠంగా చదివినప్పుడు మార్కుల కోసం గుర్తుండే విషయం, అమ్మ పారబోస్తున్న గింజల మీద చేసి చూసినప్పుడు ఇంటిదాకా వెళుతుంది.

అలాగని ఫోర్టిఫైడ్ బియ్యమే సర్వరోగ నివారిణి అనుకుంటే అదీ అపోహే. అది మిగిలిన లోటుని పూడ్చదు. ఆకుకూర, పప్పు, గుడ్డు లేని పళ్లెంలో ఒక్క అన్నం ఏం చెయ్యగలదు? ఇంకొక సంగతి. సికిల్ సెల్, తలసీమియా ఉన్నవాళ్ల కోసం ఐరన్ కలిపిన ఆహారం సంచుల మీద హెచ్చరిక ముద్రించాలని 2018 నిబంధనల్లో ఉండేది. అవసరం లేదని 2024లో తీసేశారు. ఏజెన్సీ ప్రాంతాల బడుల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఉంటారు కాబట్టి, వాళ్ల ఆహారం గురించి క్లబ్బు నిర్ణయించకూడదు. వాళ్లని చూసే డాక్టరు చెప్పాలి.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. ప్లాస్టిక్ గుడ్డు కూడా లేదు: పెంకు లోపలి పొర ప్రతి గుడ్డుకీ ఉంటుంది, పెంకుని వెనిగర్‌లో వేస్తే బుడగలొస్తాయి. వంట మగపిల్లల పని కాదనేవాళ్లు నలభీములనే పేరు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. జపాన్‌లో ప్రాథమిక పాఠశాలలో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి వంట నేర్చుకోవడం 1947 నుంచీ ఉంది. ఆరోగ్యకరమైన వంటకి ఓట్సూ ఆలివ్ నూనే కావాలనేది దుకాణాలకు పనికొచ్చే మాట. బెల్లం పంచదారకంటే రుచి, కానీ చాలావరకు చక్కెరే, ఎంతైనా తినొచ్చనడం తప్పు. రాగి జావతో రక్తం పడుతుందంటారు గానీ, రాగుల అసలు బలం క్యాల్షియం: 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. "ఇనప మూకుట్లో వండితే రక్తం పడుతుంది" అని బామ్మలు చెబితే డైట్ చార్టులు చేతిలో ఉన్నవాళ్లు చాలాకాలం కొట్టిపారేశారు. పరీక్షిస్తే బామ్మ మాటలో నిజం ఉంది. టమాటా, చింతపండు వంటి పులుపుతో, తడిగా, ఎక్కువసేపు ఉడికే కూరలోకి మూకుడు నుంచి ఐరన్ దిగుతుంది. ఎంత దిగుతుందన్నది మూకుడు బట్టి, కూర బట్టి మారుతుంది. కాబట్టి దాన్నే వైద్యమనుకోకూడదు. పులుసు రాత్రంతా మూకుట్లోనే ఉంచితే లోహపు రుచి దిగి, పిల్లలు ముట్టరు. ఉడకగానే వేరే గిన్నెలోకి మార్చాలి. ఇంతవరకు బామ్మదే గెలుపు.

క్లబ్బు పెట్టాలనుకునే బడులు నిప్పు గురించి భయపడి ఆగిపోతుంటాయి. మొదటి నెల పొయ్యి వెలిగించనే అక్కర్లేదు. పెసర మొలకల్లో కీరా ముక్కలు, ఉల్లిపాయ, నిమ్మరసం కలపడం, పెరుగు పచ్చడి, నానిన అటుకులు, నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు కట్టడం, వీటితో నాలుగు వారాలు గడుస్తాయి. ఈలోగా కత్తి పట్టడం అలవాటవుతుంది: కూరగాయ పట్టుకున్న చేతి వేళ్ల కొసలు లోపలికి ముడవాలి, కత్తి ముందుకి కదులుతుంటే వేళ్లు వెనక్కి జరగాలి. వేరుశనగలో, గుడ్డో, పాలో ఎవరికి పడవో మొదటి రోజే తల్లిదండ్రుల్ని అడిగి రాసి పెట్టుకోవాలి. పొయ్యి వచ్చాక ఒక్కో పొయ్యి దగ్గర ఒక పెద్ద మనిషి ఉండాలి. కదలకుండా, ఫోన్ చూడకుండా.

అన్నం నేర్పేటప్పుడు అత్తెసరుతోనే మొదలుపెట్టాలి. ఒకటి రెండుసార్లు మెల్లగా కడిగి, తేలిన గింజల్ని మళ్లీ లోపలికే తోసి, కొలిచిన నీళ్లతో వండితే వార్చే పని ఉండదు, గంజితో పాటు పోషకాలూ పోవు. పక్కన గోంగూర పప్పు, కొసరుగా ఉసిరికాయ పచ్చడో నిమ్మకాయ ముక్కో పెడితే అందులోని విటమిన్ సి ఐరన్‌ని ఒంటికి పట్టిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టాల్సిన ఐరన్ కొంత పట్టకుండా పోతుంది. టీకి కనీసం గంట ఆగమని పిల్లలే ఇంట్లో చెప్పాలి. పిల్లలు చెబితే నాన్నలు వింటారు.

ఇంగ్లండ్‌లో 2007లో లాటరీ నిధులతో మొదలైన లెట్స్ గెట్ కుకింగ్ పథకం కింద బడుల్లో దాదాపు 5,000 వంట క్లబ్బులు నడిచాయి. అవి పిల్లలతో పాటు ఇంటివాళ్లనీ వంటకి పిలిచేవి. ఇక్కడ ఆ పని నెలకో సాయంత్రం చేస్తే చాలు. తల్లుల్ని తమ ఇంటి రేషన్ బియ్యం గుప్పెడు కొంగున కట్టుకుని రమ్మనాలి. మధ్యాహ్న భోజనం వండే అక్కల్నీ పిలవాలి, ఎందుకంటే ఊళ్లో బియ్యం గురించి వాళ్ల మాటకే విలువ ఎక్కువ. ఎవరి బియ్యం వాళ్లే కడిగి, ఎవరి గింజ వాళ్లే నలిపి, ఎవరి చుక్క వాళ్లే వేసుకోవాలి. రంగు మారేదాకా టీచరు ఏమీ చెప్పకూడదు. తర్వాత పరీక్షకు వాడని బియ్యంతో అక్కడే అత్తెసరు పెట్టి, అందరూ కలిసి తినాలి. అయోడిన్ పడ్డ మెతుకులు, పిండి మాత్రం అన్నం గిన్నెల దరిదాపుల్లో ఉండకూడదు. వాటిని ఒక కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యాలి, కోళ్లకి కూడా వెయ్యకూడదు.