కుంట ఎండకముందే చెప్పవలసిన పాఠము

ప్రాథమిక పాఠశాలలలో కప్ప జీవితచరిత్రను బోధించుటకు గోడపై ఒక పటము వ్రేలాడుచుండును. పైభాగమున గ్రుడ్లముద్ద, దాని ప్రక్కన తోకకప్ప, పిమ్మట కాళ్లు మొలచిన తోకకప్ప, చివరకు పెద్దకప్ప. వీని నడుమ బాణపు గుర్తులు చుట్టు తిరిగి మరల గ్రుడ్ల కడకే చేరును. పిల్లలు ఆ పేర్లను వరుసగా అప్పగింతురు. పరీక్షకు అంతమాత్రము చాలును. కాని కర్నూలు, కడప సీమలలో పెరుగు పిల్లలకు ఆ పటము చెప్పని సంగతి యొకటి కలదు. ఆ చక్రము తిరుగుటకు నీరు కావలెను. ఆ నీరు నిలుచుటకు గడువున్నది.

ఈ సీమలలో ఏడాదికి కురియు వర్షము సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్లు. అదియు కొలది దినములలోనే కురిసి వెడలిపోవును. వేసవిలో నల్లరేగడి చేలు బీటలువారును. కుంటల అడుగున బురద పెంకులుగా పగులును. అప్పుడు కప్ప యెక్కడ నుండును? ఈ ప్రశ్నతో ప్రారంభించిన ఉపాధ్యాయుడు సగము పాఠము చెప్పినట్లే. నేలలో గుంత చేసికొనియో, బండల క్రింద దూరియో, తేమ మిగిలిన చోట అది కదలక మెదలక పడియుండును. కప్ప చర్మముతోనే నీటిని గ్రహించును. కొంత శ్వాసకూడ చర్మము ద్వారానే జరుగును. ఆ చర్మ మెండినచో అది బ్రతుకజాలదు. ఈ వేసవినిద్రకే శాస్త్రమున గ్రీష్మసుప్తి యని పేరు.

వానలు వెనుకాడిన యేట కప్పతల్లిని ఆడు ఆచారము తెలుగు పల్లెలలో కలదు. కప్పను గుడ్డలో కట్టి, రోకలికి వ్రేలాడదీసి, వేపమండలు చుట్టి, పిల్లలు ఇంటింటికిని త్రిప్పుదురు. ఇల్లాండ్రు దానిపై నీళ్లు పోయుదురు. దీనిని ఉపాధ్యాయుడు పరిహసింప నక్కరలేదు. కప్పకును వానకును సంబంధమున్నదని పెద్దలు కనిపెట్టినమాట నిజమే గదా! కప్పవలన వాన వచ్చునా, వానవలన కప్ప వెలికివచ్చునా యని పిల్లలనే యడుగవలెను. కట్టివేసిన కప్ప ఎండలో ఎంతసేపు బ్రతుకునన్నదియు అడుగదగిన ప్రశ్నయే. కారణమేది, కార్యమేది యని విడదీయుట విజ్ఞానశాస్త్రమునకు మొదటిమెట్టు.

తొలకరి గట్టిగా పడిన రాత్రి కుంటగట్టున బెకబెకలు మిన్నుముట్టును. అట్లు గొంతెత్తునవి మగకప్పలు. బోదురుకప్పలలో మగదాని యొడలు ఆ ఋతువున పసుపువన్నె దేరును. గొంతుకిరుప్రక్కల నీలపు తిత్తులుబ్బును. ఆడుకప్ప వేలకొలది గ్రుడ్లను నీటిలో విడుచును. గోండ్రుకప్ప గ్రుడ్లు మాత్రము జిగురుత్రాళ్లలో నల్లపూసలవలె వరుసగా నుండును. ఈ భేదమును చూపినచో కప్పలన్నియు ఒక్కజాతి కావని పిల్లలు తామే గ్రహింతురు.

కొలది దినములలో గ్రుడ్లనుండి తోకకప్పలు వెలువడును. ఇవి చేపలవలె మొప్పలతో శ్వాసించును. పాచిని గీకి తినువాని ప్రేగు చాల పొడవై చుట్టలుచుట్టుకొని యుండును. పురుగులను తిను కప్పగా మారునప్పుడు అదియే కురుచనగును. వెనుకకాళ్లు ముందుగా కనబడును, ముందుకాళ్లు పిమ్మట. తోక ఊడి రాలిపోవునని పిల్లలు తలంతురు, అది పొరపాటు. తోక శరీరములోనే కరగిపోయి, ఆ దినములలో దానికి ఆహారమగును. ఈ రూపవిక్రియకు మూలము థైరాయిడ్ గ్రంథి. 1912లో గూడెర్నాట్ష్ అను శాస్త్రజ్ఞుడు థైరాయిడును మేతగా పెట్టగా, తోకకప్పలు పెరుగక మునుపే చిట్టికప్పలుగా మారినవి.

ఉత్తర అమెరికా ఎడారులలో పారకాలి కప్పలని చెప్పదగిన జాతులు కలవు. వానిలో ఒకజాతి తోకకప్ప పదిదినములలోపలనే కప్ప కాగలదు. నీరు త్వరగా ఎండునుగనుక అక్కడ ఆ వేగమే దానికి ప్రాణాధారము. మన గోండ్రుకప్పకు ఆ వేగము లేదు. దానికి నెల, నెలన్నర కావలెను. కుంట ఇరువది దినములకే యెండినచో అందలి గుంపంతయు నశించును. పటములోని బాణములు ఈ మరణమును చూపవు.

కావున ఈ పాఠమును పుస్తకములోని వరుసనుబట్టి గాక వాననుబట్టి చెప్పవలెను. బడులు జూన్‌లో తెరచునప్పటికి తొలకరి సమీపించును. మంచి వాన పడిన వారమునందే పాఠము నారంభించుట మేలు. వెడల్పుమూతి గాజుసీసాలో కుంటనీటినే పోసి అయిదారు తోకకప్పలను మాత్రమే ఉంచవలెను, ఎండలో పెట్టరాదు. ఉడికించిన ఆకుకూర చిటికెడు చాలును. ఎక్కువైనచో నీరు కుళ్లును. ముందుకాళ్లు వచ్చునప్పటికి ఒక రాయిని నీటికి పైకి తేలునట్లుంచవలెను. లేనిచో ఊపిరితిత్తులతో శ్వాసించుటకు మరలిన కప్పపిల్ల మునిగి చచ్చును. పాఠము ముగిసిన పిదప వానిని తెచ్చిన కుంటలోనే విడువవలెను.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. గోండ్రుకప్ప చెవివెనుక గ్రంథులలో విషముండును. ముట్టినవారు చేతులు కడుగుకొనవలెను. బేతంచర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాతి గనుల గోతులలో వాననీరు నిలుచును. అవి లోతైనవి, నిటారు గోడలు గలవి. పిల్లలను అచ్చటికి ఎన్నడును కొనిపోరాదు.

నీటిని మరికొన్నాళ్లు నిలుపుట యీ సీమకు పాతవిద్యయే. కడపసీమలో పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించినాడు. 1369నాటి శాసనము ప్రకారము వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరి. మంచి చెరువునకు వలయు పండ్రెండు అంగములను, కలుగరాని యారు దోషములను ఆ శాసనమే చెప్పుచున్నది. రైతునకు కావలసినదియు కప్పకు కావలసినదియు ఒక్కటే: నిలిచిన నీరు. కప్ప చేలలోని పురుగులను తినును. కప్పకాళ్ల ఎగుమతిని మన దేశము 1987లో నిషేధించినది. కాని పట్టువారు లేకున్నను, కుంట పూడ్చి ఇండ్లస్థలము చేసినచో కప్పకు తావులేదు.

ప్రతి వారమును పిల్లలు రెండు సంగతులు వ్రాయవలెను: కుంటలో నీరెంత లోతున్నది, తోకకప్పలు ఏ దశలో నున్నవి. ఒకయేడు ఆ పట్టిక చివర “కప్పపిల్లలు గట్టెక్కినవి” అని యుండవచ్చును. మరియొకయేడు “నీరెండినది, ఒక్కటియు మిగులలేదు” అని యుండవచ్చును. ఆ రెండవ వాక్యము వ్రాసిన బాలికకును పూర్తి మార్కులే రావలెను.