కొడుకు బండి తీస్తున్నారా? కాస్త ఆగండి!

పాతికేళ్ల కిందట మీరు మోటారు సైకిలు నడిపినవారే. పిల్ల పెళ్లికో, బోరు వేయించడానికో దాన్ని అమ్మేశారు. ఆ తర్వాత సైకిలు, ఆటో, బస్సు. ఇప్పుడు కొడుకు ఉద్యోగానికి పట్నం పోతూ బండి ఇంట్లో వదిలాడు. పాల క్యాను కేంద్రానికి చేర్చాలి, ఎరువుల కొట్టుకి పోవాలి. ‘మనకు రానిదా ఏమిటి’ అంటూ తాళం చెవి తీసుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

54 ఏళ్ల రైతు ఒకాయన సంగతే చూడండి. ఆయన నేర్చుకున్నది పాత బుల్లెట్ మీద. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఇప్పటి బళ్లకు బ్రేకు కుడివైపు, గేరు ఎడమవైపు. సార్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, చుట్టూ పేర్చిన రాళ్లు కనబడగానే ఎడమకాలు గట్టిగా తొక్కారు. బండి ఆగలేదు సరికదా, గేరు మారింది. రాళ్ల మీద పడి కాలు విరిగింది. దాళ్వాకి ఆ ఎకరంన్నర బీడుగానే ఉండిపోయింది. ఆయన డ్రైవింగు మరిచిపోలేదు. పాత అలవాటే దెబ్బ తీసింది.

బండి మారింది

గేర్లు అన్నీ ఒకేవైపు పడతాయా, ఒకటి కిందికి, మిగతావి పైకా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన చాలా బళ్లకు చోక్ లేదు, రిజర్వు నాబ్ లేదు. పెట్రోలు ముల్లు చూసుకోవాల్సిందే. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకునే అలవాటు మానండి. రెండూ కలిపి, మెల్లగా వేయాలి.

మనమూ మారాం

కంటి పరీక్ష చేయించుకోండి. శుక్లాలు ఉంటే ఎదురు లైటు వెలుగులో ముందున్న ట్రాక్టరు ట్రక్కు కనబడదు. చక్కెర జబ్బుకి మందు వాడేవారు ఖాళీ కడుపుతో బండి ఎక్కొద్దు.

సెలవు రోజున ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డులోనో, బడి మైదానంలోనో వారం రోజులు పొద్దున్నే అరగంట తిప్పండి. ఆగడం, మలుపు తిప్పడం బాగా వచ్చాకే రోడ్డెక్కండి. మొదట్లో వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. క్యాను ఒకవైపే కడితే బండి అటే లాగుతుంది. 45 కిలోల యూరియా బస్తా ట్యాంకు మీద పెడితే హ్యాండిలు తిరగదు. చీకటి పడ్డాక కాలవ గట్టు మీద ప్రయాణం వద్దు.

కాగితాలు

లైసెన్సు గడువు దాటి ఏడాది అయిపోతే రెన్యువల్‌కి మళ్లీ డ్రైవింగు పరీక్ష ఇవ్వాలి. 40 దాటినవారికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. బండికి బీమా ఉంది కదా అని ధీమా పడకండి. లైసెన్సు లేకుండా ఎవరినైనా గుద్దితే, బీమా కంపెనీ కట్టిన పరిహారాన్ని తిరిగి బండి యజమాని దగ్గర రాబట్టే వీలుంది. అప్పుడు అమ్ముకోవాల్సింది పొలమే.

ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొని, గడ్డం కింద పట్టీ బిగించండి. క్యాను మీద బోర్లిస్తే తల కాచేదేమీ ఉండదు.

కూలీకి బదులు మనిషిని పెట్టుకోవచ్చు. చిన్న రైతుకు బదులు నిలబడేవారు ఉండరు. వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, నేర్చుకునే ఎక్కండి.