కొబ్బరి చిప్ప సగమేనా?

కోనసీమలోని మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలో కొబ్బరికాయ కొడితే రెండు చిప్పలవుతాయి. ఒక్కో చిప్ప సగం కాయేనా? మూడో తరగతిలో ఈ ప్రశ్న వేస్తే భిన్నాల పాఠం మొదలైనట్టే. రెండు చిప్పల్నీ త్రాసులో వేస్తే ఒక పక్క మొగ్గడం పిల్లలే చూస్తారు. ముక్కలు రెండైతే చాలదు, సమానంగా ఉంటేనే సగాలు.

భిన్నాలకు అడ్డొచ్చేది అప్పటిదాకా నేర్చిన అంకెల లెక్కే. అరకిలో కన్నా పావుకిలో తక్కువని కొట్టు దగ్గర చెప్పే పిల్లే, రెండు కన్నా నాలుగు పెద్దది గనక 1/2 కన్నా 1/4 పెద్దదని పలక మీద రాస్తుంది. 1978లో అమెరికా జాతీయ పరీక్షలో 12/13, 7/8 కలిపితే సుమారు ఎంతవుతుందని అడిగారు. 13 ఏళ్ల పిల్లల్లో 2 అని చెప్పింది 24 శాతమే. సగం మందికి పైగా 19 అనో 21 అనో గుర్తు పెట్టారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశారన్నమాట.

ఈ తప్పును ఎర్రసిరా కన్నా కాగితం పట్టీలు బాగా పట్టిస్తాయి. ఒకే పొడవున్న మూడు పట్టీలు తీసుకుని ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని మూడుగా, ఇంకోదాన్ని ఆరుగా మడవాలి. 1/2 కింద ఆరో వంతులు సరిగ్గా మూడు పడతాయి, 1/3 కింద రెండు. 1/2, 1/3 కలిపితే మొత్తం 5/6. పైనా కిందా కూడి 2/5 అన్న పిల్లవాడి చేత ఆ 2/5 కూడా మడిపించాలి. అది సగానికే తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా?

1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పంతుళ్లకు చెప్పిన సూత్రాల్లో చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాల్ని వాడుకోవడం ఉన్నాయి. కోనసీమలో కొబ్బరాకుకు కొదవేముంది? కానీ ఆకు కొసకు పోనుపోను సన్నబడుతుంది. మధ్యకు మడిస్తే పొడవులో సగమే గానీ వైశాల్యంలో కాదు. 'దేనిలో సగం?' అని అడిగించడానికి అది పనికొస్తుంది. కూడికలకు మాత్రం కాగితం పట్టీయే మేలు.

చేతితో చేయడం, బొమ్మలో చూడడం, గుర్తుల్లో రాయడం అనే మూడు మెట్లను మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ చెప్పాడు. మొదటి మెట్టు మీదే నిలిచిపోతే పట్టీ ఆటబొమ్మవుతుంది. అందుకే మడిచే ముందు అంచనా అడగాలి, మడిచాక బొమ్మ గీయించాలి, ఆ తర్వాత సంఖ్యారేఖ మీద 5/4ను ఒకటి దాటించి గుర్తించమనాలి. పట్టీలు బీరువాలో పెట్టేశాక కూడా 1/3, 1/5లలో ఏది పెద్దదో, ఎందుకో పిల్ల చెప్పగలిగితే వాటి పని అయిపోయినట్టే.