వేసవిలో రేడియో బృందం పని

శ్రోతలలో చాలమందికి వేసవి విశ్రాంతికాలం. బడులకు సెలవులు, పగటివేళ ఇంటిల్లిపాదీ నీడపట్టున ఉంటారు. రేడియోలో పనిచేసే మాకు మాత్రం ఇది పని ముమ్మరమైన ఋతువు. కారణం మనవి చేస్తాము.

నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లిని ఉదాహరణగా తీసుకుందాం. ఇది పసుపు సీమ. పసుపు పరిశోధన స్థానం ఇక్కడనే ఉన్నది. తొలకరికి నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి, జనవరి మొదలు తవ్వకానికి వస్తుంది. దుంపలను ముప్పావుగంట నుండి గంటవరకు ఉడకబెట్టి, పది పదిహేను దినాలు ఎండబెట్టి, మెరుగుపెట్టి, నిజామాబాదు మార్కెట్టుకు తోలుతారు. ఆ సందడిలో రైతుకు మాటలాడే తీరిక ఉండదు. ఏప్రిల్, మే నెలలలో చేతులు కొంత ఖాళీ అవుతాయి. మృగశిర కార్తె ప్రవేశించిందంటే మరల దొరకడు. ఆయన అనుభవాన్ని ఆయన నోటనే రికార్డు చేయడానికి మాకున్న వ్యవధి ఇంతే.

చెప్పవలసిన మాటకు కూడ వ్యవధి ఇంతే. పసుపుకు ఎకరానికి సుమారు 8 నుండి 10 క్వింటాళ్ళ విత్తనం కావాలి. అందులో తెగులు దాగి ఉంటే దుంపకుళ్ళు పుట్టి, ఏడాది కష్టమంతా మట్టిపాలవుతుంది. ఆరోగ్యమైన మడినుండి విత్తనం ఏరుకోవాలి. నీడన కుప్పపోసి, పసుపాకు కప్పి నిలువచేయాలి. నాటేముందు మందునీటిలో శుద్ధిచేయాలి. నీరు నిలువని నేల చూచుకోవాలి. ఈ హెచ్చరిక జూలైలో ప్రసారమైతే విన్నవారు తలయూపగలరే కాని ఆచరించలేరు.

అయితే చెప్పడంతోనే మా బాధ్యత తీరదు. 1956లో పూనా ప్రాంతాన యునెస్కో తోడ్పాటుతో ఆకాశవాణి 150 గ్రామాలలో ఒక ప్రయోగం జరిపింది. గ్రామస్థులు కూడి ప్రసంగం విని, చర్చించి, తమ సందేహాలను కేంద్రానికి వ్రాసి పంపేవారు. వాటికి రేడియోలోనే సమాధానాలు వచ్చేవి. 1959లో ఈ పద్ధతి దేశమంతట ప్రవేశపెట్టబడింది. ప్రశ్న ఊరినుండి రావాలన్నది నాటి పాఠం. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైనది మొదలు రైతు అడుగదగిన ప్రశ్నలు పెరిగినవే కాని తరుగలేదు.

ఇక రికార్డింగు సంగతి. వేసవిలో తెల్లవారుజామే మాకు అనుకూలం. పొద్దెక్కితే వడగాలి మైకును తాకి మాటను మింగివేస్తుంది. మధ్యాహ్నం ఇంటిలోపల కూర్చుందామంటే పంకా చప్పుడు అడ్డు. అందుచేత ఆ వేళను అరుగులమీది వృద్ధులకు కేటాయిస్తాము. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు వారి కంఠాలలో ఉన్నవి. ఈ ఏడు వినిపించిన కంఠం వచ్చే వేసవికి ఉంటుందన్న భరోసా లేదు. సెలవులకు వచ్చిన మనుమలు, మనుమరాండ్రు పక్కన కూర్చుంటే ముసలమ్మలు మరింత ఉత్సాహంగా పాడుతారు.

వినే మీకు కూడ ఒక సూచన. వేసవి సాయంకాలాలలో దూరాన ఉరుము మెరుపులున్నప్పుడు మీడియం వేవ్‌లో గరగర వినిపిస్తుంది. అది మీ సెట్టు దోషం కాదు. మెరుపునుండి పుట్టే విద్యుత్తరంగాల ప్రభావం. ట్రాన్సిస్టరును మెల్లగా అటూ ఇటూ త్రిప్పి చూడండి. దానిలోని ఏరియల్ సరియైన దిక్కుకు తిరిగితే మాట తేటపడుతుంది. ఎఫ్.ఎం. ప్రసారాలకు ఈ బాధ చాల తక్కువ.

మీ ఊరు, మీ పంట, మీ సందేహం – ఈ మూడు ఒక కార్డుమీద వ్రాసి, రోహిణి కార్తె లోపల మాకు అందజేయండి. జవాబు తొలకరికి ముందే మీ ఇంటికి చేర్చడం మా వంతు.